ఆటో చక్రానికి ఆల్టర్నేటర్ కడితే నడుస్తూనే చార్జ్ అవుద్దా? మావయ్య అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు

సింగ్‌నగర్_కుర్రోడు

అందరికీ నమస్తే. ఇది మా మావయ్య కోసం అడుగుతున్నా, ఆయనకి ఫోన్లో టైపు చేయడం రాదు. మావయ్య బెజవాడలో ఎలక్ట్రిక్ ఆటో తోలతాడు, బస్టాండ్ టు గొల్లపూడి సర్వీసు, మధ్యలో ఎవరన్నా బేరం మాట్లాడుకుంటే బెంజి సర్కిల్, పటమట అటు కూడా పోతాడు. బండి కొని ఏడాదిన్నర అయింది. కొత్తలో ఒక్క చార్జింగ్‌కి 105, 110 కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేది, ఇప్పుడు 85 దగ్గరికొచ్చేసరికే ఎర్రగీత పడిపోతంది. మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండు గంటలు ప్లగ్గు పెట్టుకుని కూర్చోవాలి, ఆ రెండు గంటల కిరాయి పోయినట్టే గదా.

అసలు సంగతి ఏంటంటే ఆటోనగర్‌లో ఒకాయన మావయ్యకి ఒక కిట్ చూపించాడు. వెనక యాక్సిల్‌కి పుల్లీ వేసి, బెల్టుతో కారు ఆల్టర్నేటర్ తిప్పుతాడంట, అందులోంచి వచ్చే కరెంటు ఒక డబ్బాలోంచి బ్యాటరీకి పోతదంట. బండి నడిచినంతసేపూ చార్జ్ అవుతానే ఉంటది, రేంజి 40 కిలోమీటర్లు పెరుగుద్ది, గ్యారంటీ అన్నాడు. మొత్తం 14,500. మావయ్య 3,000 అడ్వాన్స్ చేతిలో పెట్టి వచ్చి తర్వాత ఇంట్లో చెప్పాడు, అత్తయ్య రెండు రోజుల్నుంచి మాట్లాడట్లేదు, అది వేరే టాపిక్.

ఇది పనిచేయదేమో మావయ్యా అని నేనంటే ఆయన ఒకటే మాట, "రైలు పెట్టె కింద బెల్టుతో డైనమో తిరుగుద్ది, దాంతోనే ఫ్యాన్లు లైట్లు, కార్లో కూడా ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీ చార్జ్ అవుద్ది, వాటికి లేని తేడా నా ఆటోకెందుకొస్తదిరా" అని. నేను బీకాం చదివినోణ్ణి, నాకు దానికి జవాబు తట్టలేదు. తెలిసినోళ్ళు కొంచెం ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పండి, ఆదివారం ఫిట్టింగ్‌కి రమ్మన్నాడు.


వైండింగ్_మేస్త్రి

తమ్ముడూ ఆదివారం బండి అక్కడికి పోనీయకు. నేను ఆటోనగర్‌లోనే 22 ఏళ్ళ బట్టి మోటార్లు, ఆల్టర్నేటర్లు చుడుతున్నా, ఈ కిట్ నాకు కొత్తేం కాదు, ఇద్దరు ముగ్గురు పెట్టించుకుని నెల తిరక్కుండా పీకించుకుని వచ్చారు నా దగ్గరికి.

మీ మావయ్య వయసోళ్ళకి సైకిలు డైనమో గుర్తుండుద్ది, అదే అడుగు. రాత్రిపూట సైకిలు తొక్కుతూ డైనమోని టైరుకి ఆనిస్తే ఏమయ్యేది? లైటు వెలిగేది, తొక్కుడు బరువెక్కేది. వెనక ఒకణ్ణి కూర్చోబెట్టుకుంటే ఎదురుగాల్లో డైనమో ఎత్తేసి చీకట్లోనే పోయేవాళ్ళం. ఆ చిన్న బల్బు 3 వాట్లు. మూడు వాట్లకే కాళ్ళకి తెలిసేది. ఇక్కడ ఆ తొక్కే కాళ్ళు ఆటో మోటారువి, ఆ మోటారు తినేది అదే బ్యాటరీ.

లెక్క కావాలంటే చూడు. బ్యాటరీ లోంచి 100 రూపాయలు తీశాం అనుకో. కంట్రోలరు, మోటారు, గేర్లు దాటి చక్రానికి చేరేసరికి 80 మిగుల్తది. బెల్టు ఒక నాలుగు తినుద్ది. కారు ఆల్టర్నేటర్ అన్నది పైకి గట్టిగా కనపడుద్ది గానీ దాని పనితనం 55, 60 శాతం మించదు, కాబట్టి 45 అయింది. బ్యాటరీలోకి ఎక్కించేటప్పుడు ఇంకొంత వేడిగా పోద్ది, చివరికి 40 చేతికొస్తది. వంద తీసి నలభై వేసుకోవడాన్ని చార్జింగ్ అంటారా ఎవరన్నా? మీటర్ మీద మాత్రం చార్జింగ్ గుర్తు వెలుగుద్ది, అది చూపించే అమ్ముతున్నారు.


కృష్ణలంక_కిట్టు

ఆ 40నే మళ్ళీ ఇంకో ఆల్టర్నేటర్‌కి ఇస్తే? 😂 నాలుగు పెడితే బ్యాటరీ కూడా అక్కర్లేదేమో, తోసుకుంటూ పోవచ్చు


లెక్కల_మాస్టారు

మేస్త్రిగారు సరిగ్గా చెప్పారు. నేను గుంటూరులో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, బ్రాడీపేటలో ఉంటాను. మీ మావయ్యగారు అడిగిన రైలు ప్రశ్న మాత్రం కొట్టిపారేసేది కాదు, దానికి జవాబు చెప్పాల్సిందే.

పాత రైలు పెట్టెల కింద బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ ఉండేది నిజమే, ఏసీ పెట్టెకైతే 25 కిలోవాట్లవి. అయితే ఆ కరెంటు ఊరికే రాలేదు, ముందున్న ఇంజిను ఆ మేరకు ఎక్కువ బలంగా లాగింది. ఫ్యాన్లకీ లైట్లకీ కరెంటు కావాలి, పెట్టెకి తీగ లేదు, అందుకని చక్రం నుంచి తీసుకున్నారు. అంతేగానీ దానివల్ల రైలు ఎక్కువ దూరం పోయిందని ఎవరూ అనలేదు. ఇప్పుడు కొత్త పెట్టెలకి నేరుగా ఇంజిను దగ్గర్నుంచే కరెంటు పంపే పద్ధతి వచ్చేసింది, ఆ బెల్టులు పోతున్నాయి. కారు సంగతీ అంతే, ఆల్టర్నేటర్ తిప్పడానికి ఇంజిను కాస్త ఎక్కువ పెట్రోలు తాగుతుంది, అది మనం బంకులో కడుతున్నాం కాబట్టి కనపడదు. ఆటోకి బంకు ఎక్కడుంది? బ్యాటరీయే బంకు. తేడా అదొక్కటే.

రైలు నుంచి నిజంగా నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఇప్పటి త్రీ ఫేజ్ కరెంటు ఇంజిన్లు బ్రేకు వేసేటప్పుడు వాటి మోటార్లే జనరేటర్లుగా మారిపోతాయి, పుట్టిన కరెంటు పైన తీగలోకే వెనక్కి పోతుంది, అదే లైన్లో పోతున్న ఇంకో రైలు దాన్ని వాడుకుంటుంది. ఢిల్లీ మెట్రో ఇలా బ్రేకుల నుంచి కరెంటు మిగిల్చినందుకు ఐక్యరాజ్యసమితి పథకంలో 2007లోనే నమోదై కార్బన్ క్రెడిట్లు కూడా తెచ్చుకుంది. కిట్ వాళ్ళది బండి నడిచేటప్పుడు తీసుకోవడం, ఇది బండి ఆపేటప్పుడు తీసుకోవడం. నడిచేటప్పుడు తీసుకుంటే మన జేబులోదే తీసుకున్నట్టు. ఆపేటప్పుడైతే బ్రేకు డ్రమ్ములో వేడిగా పోవాల్సింది తీసుకున్నట్టు.

అది ఎంతుంటుందో కూడా చూద్దాం. బండి, డ్రైవరు, నలుగురు ప్యాసింజర్లు కలిపి 700 కిలోలు అనుకోండి. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ బరువుని పూర్తిగా ఆపితే పోయే శక్తి దాదాపు 24 కిలోజౌళ్ళు, అంటే యూనిట్ కరెంటులో 150వ వంతు. మీ మావయ్యగారు రోజుకి 250 సార్లు అలా ఆపుతారనుకుంటే, సర్వీసు ఆటో కాబట్టి ఆపుతారు కూడా, మొత్తం 1.7 యూనిట్లు. అందులో వాడుకోదగ్గది సగం అనుకోండి, ఎందుకంటే ఆగేటప్పుడు టైర్ల రాపిడి కొంత తింటుంది, నడక వేగానికి వచ్చాక మోటారు నుంచి ఏమీ రాదు, బ్యాటరీలోకి పోయి రావడానికి కొంత ఖర్చు. అంటే 0.8 యూనిట్లు. ఈ బండ్లకి కిలోమీటరుకి సుమారు 65 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్) పడతాయి కాబట్టి ఆ 0.8 యూనిట్లతో 12 కిలోమీటర్లు.

ఇప్పుడు కిట్ ఆయన మాట చూడండి. 40 కిలోమీటర్లు పెరగాలంటే 2.6 యూనిట్లు కావాలి. రోజంతా వేసిన బ్రేకులన్నిట్లో పోయిందే 1.7. ఒక్క చుక్క కూడా ఒలక్కుండా పట్టుకున్నా ఆయన గ్యారంటీ కుదరదు.


సింగ్‌నగర్_కుర్రోడు

మాస్టారూ ఇది మావయ్యకి చదివి వినిపించా. 'బంకు ఎక్కడుంది, బ్యాటరీయే బంకు' అన్న దగ్గర కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ 12 కిలోమీటర్లన్నా ఇప్పిచ్చమను" అన్నాడు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే పనిచేసే కిట్ ఏదన్నా ఉందా మరి?


లక్ష్మీపురం_ఈవీ

కిట్ ఎందుకండీ, ఆయన బండిలో అది కంపెనీ నుంచే వచ్చి ఉండుద్ది. ఏడాదిన్నర క్రితం కొన్న లిథియం బ్యాటరీ ఆటో అయితే యాక్సిలరేటర్ వదలగానే కాస్త పట్టినట్టు నెమ్మదించాలి, అదే రీజెన్, అంటే మాస్టారు చెప్పినట్టు ఆపేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి వెనక్కి పంపడం. ఆ 12 కిలోమీటర్లు ఆయనకి వచ్చే 85లో ఆల్రెడీ కలిసే ఉన్నాయి. మీటర్లో బాణం గుర్తో ఆకుపచ్చ గీతో ఏదో ఒకటి ఉండుద్ది, చూసుకోమనండి.

నాది నెక్సాన్ ఈవీ కారు, గుంటూరు నుంచి బెజవాడ రోజూ తిరుగుతా. దీంట్లో రీజెన్ సున్నా నుంచి 3 దాకా పెట్టుకోవచ్చు. హైవే మీద కాజా టోల్ దాకా సున్నాలో వదిలేస్తా, వారధి దాటి సిటీలోకి రాగానే 2 గానీ 3 గానీ, బెంజి సర్కిల్ దగ్గరైతే బ్రేకు మీద కాలు పెట్టే పనే పెద్దగా ఉండదు. పోయిన ఏడాది ఫ్యామిలీతో తిరుమల పోయాం, ఎక్కేటప్పుడు బ్యాటరీ 13 శాతం తాగేసింది, దిగేటప్పుడు 4 శాతం తిరిగిచ్చింది. ఇచ్చింది తక్కువేలే అనుకోవచ్చు గానీ, మామూలు కార్లయితే ఆ 4 శాతం మొత్తం బ్రేకు ప్యాడ్ల కమురు వాసనగా పోద్ది.

ఒక చిన్న విషయం. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉన్నప్పుడు రీజెన్ పనిచేయదు, నిండిన బిందెలో ఇంకెక్కడ పోస్తాం. పొద్దున్నే ఫుల్ చార్జింగ్‌తో బయల్దేరినప్పుడు మొదటి కాసేపు బండి పట్టినట్టు ఉండదు, అలవాటు లేనోళ్ళు బ్రేకు ఫెయిలయిందేమో అని కంగారు పడతారు. మే నెల ఎండల్లో బ్యాటరీ బాగా కాగినా తగ్గించేస్తది.


యార్డు_లారీ

ఆటో అయిపోతే డీజిల్ బండ్ల గురించి కూడా మాట్లాడండి సార్లూ, మాకు పోయేదాంతో పోలిస్తే మీ ఆటోది ఉప్పూ మిరపకాయ. మాది గుంటూరు మిర్చి యార్డు నుంచి లోడ్లు, రెండు బళ్ళు. డీజిల్లో సగానికి సగం పైన వేడి కిందే పోద్ది అని షోరూం మెకానిక్ చెప్పాడు, సైలెన్సర్ లోంచి ఒక వంతు, రేడియేటర్ లోంచి ఒక వంతు. దాన్ని పట్టుకునేది ఏం లేదా?

ఇంకోటి ఆ కుర్రోడికి చెప్తున్నా, కిట్ పనిచేసుద్దా లేదా తర్వాత, యాక్సిల్‌కి పుల్లీ వెల్డింగ్ చేయించావంటే బండి వారంటీ అక్కడికక్కడే పోయినట్టు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అని ఒకటుంది, కంపెనీ ఇచ్చినదానికి తేడాగా బండిని మార్చకూడదు. రేపేదన్నా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోడు మొదట వెతికేది అదే.


లెక్కల_మాస్టారు

లారీ ఓనరుగారూ, మీ బండిలో అది పట్టుకునేది ఉంది, మీరు రోజూ వింటూనే ఉన్నారు. ఆ ఈల లాంటి శబ్దం టర్బోదే కదా. సైలెన్సర్లోకి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం అవతలి వైపు ఇంకో చక్రం ఇంజిన్లోకి గాలిని కుక్కుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. వృథా వేడి నుంచి రాబట్టిన వాటిల్లో లోకమంతా పాకింది ఇదొక్కటే అని నా అభిప్రాయం, మిగతావన్నీ పేపర్లో బాగుంటాయి.

ఇంకో అడుగు ముందుకేసినవాళ్ళు కూడా ఉన్నారు. స్కానియా వాళ్ళు 1991లో టర్బో తర్వాత ఇంకో టర్బైన్ పెట్టి దాన్ని గేర్లతో నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కే కలిపారు, పొగ కూడా ఒక చెయ్యి వేసి లాగినట్టు. బీఎండబ్ల్యూ వాళ్ళు 2005లో పొగ వేడితో ఆవిరి పుట్టించి చిన్న ఆవిరి యంత్రం నడిపే ప్రయోగం చూపించారు, ఇంజిను పనితనం 15 శాతం దాకా పెరుగుతుందన్నారు, అమ్మే కార్లలోకి రాలేదు. ఆవిరి, గొట్టాలు, దాన్ని మళ్ళీ చల్లార్చే రేడియేటరు, ఇంత బరువు మోసుకుని తిరిగితే మిగిలేదెంత చెప్పండి.


పాలిటెక్నిక్_ఫైనలియర్

సార్ నాకు ఫైనలియర్ ప్రాజెక్టు చేయాలి. మేం అనుకున్నది బైకు సైలెన్సర్ మీద పెల్టియర్ ముక్కలు (వేడి నుంచి కరెంటు పుట్టించేవి) అంటించి ఫోన్ చార్జ్ చేయడం. లేదంటే సైకిలుకి ఫ్లైవీల్ (వేగంగా తిరిగే బరువైన చక్రం) పెట్టి బ్రేకు శక్తి దాచుకోవడం. రెండిట్లో ఏది బెటర్ సార్. బ్యాచ్‌లో నలుగురం, బడ్జెట్ 6,000


లెక్కల_మాస్టారు

మొదటిది చెయ్యి నాయనా, నీ బడ్జెట్‌లో అవుతుంది. ఒక వైపు వేడి, ఒక వైపు చల్లదనం ఉంటే కరెంటు పుడుతుందని జెబెక్ 1821లో కనిపెట్టాడు, దాని మీదే ఇది. ఆ ముక్కల్లో ఉండేది బిస్మత్ టెల్యురైడ్, ఎంత బాగా చేసినా వేడిలో 5 శాతం కరెంటుగా మారితే గొప్ప. కష్టమంతా వేడి వైపు కాదు, చల్లటి వైపు. మన ఎండల్లో ఆగి ఉన్న బైకు మీద అవతలి వైపు కూడా కాగిపోతే రెండు వైపులా ఒకటే అయి కరెంటు రాదు, కాబట్టి మంచి అల్యూమినియం రెక్కలు పెట్టి గాలి తగిలేలా చూసుకోండి. సైలెన్సర్ మీద ఎక్కడ ఎంత వేడి ఉందో ముందు కొలవండి, ఇంజిను దగ్గర మరీ ఎక్కువైతే ముక్కల టాకా కరిగి ఊడిపోతుంది.

ఫ్లైవీల్ మాత్రం చదువుకో, చెయ్యకు. స్విట్జర్లాండ్‌లోనే ఇవెర్డాన్ అనే ఊళ్ళో 1953 నుంచి కొన్నేళ్ళు జైరోబస్సు అని నడిపారు, అందులో టన్నున్నర చక్రం నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుండేది. స్టాపుల దగ్గర కరెంటు స్తంభానికి ఆనించి ఆ చక్రాన్ని తిప్పేవాళ్ళు, తర్వాత ఆ తిరుగుడు మీదే బస్సు పోయేది, బ్రేకు వేస్తే మళ్ళీ చక్రం వేగం పుంజుకునేది. అంత బరువు అంత వేగంతో తిరిగేదాన్ని సైకిలు మీద చిన్నగా చేసినా నలుగురు పిల్లల చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.


కృష్ణలంక_కిట్టు

మరి గుంతల నుంచి కరెంటు తీయలేమా మాస్టారూ? మా సైడు రోడ్లలో గుంతలకి కొదవ లేదు, షాక్ అబ్జార్బర్లకి డైనమో పెడితే ఊరంతా వెలిగించొచ్చు


లక్ష్మీపురం_ఈవీ

కిట్టూ నువ్వు జోకేశావు గానీ ఆడి వాళ్ళు నిజంగానే చేశారు. 2016లో షాక్ అబ్జార్బర్ బదులు జనరేటర్ పెట్టిన ఒక ప్రయోగం చూపించారు, సగటున 100 నుంచి 150 వాట్లు వచ్చిందంట. కొత్తగా వేసిన హైవే మీద 3 వాట్లు, అధ్వాన్నమైన పల్లెటూరి రోడ్డు మీద 613 వాట్లు. ఇది చదివిన రోజు నాకు మన ఊరి మీద గౌరవం పెరిగింది 😄

రేసు కార్ల సంగతి కూడా ఒకటి చెప్తా. 2009లో ఫార్ములా వన్‌లో బ్రేకు శక్తి దాచుకుని వాడుకోనిచ్చారు, ఒక రౌండుకి 400 కిలోజౌళ్ళు మాత్రమే. మాస్టారు చెప్పిన 65 వాట్ అవర్ల లెక్కలో చూస్తే దాంతో మావయ్యగారి ఆటో 1.7 కిలోమీటర్లు పోద్ది. బస్టాండ్ నుంచి బయల్దేరి గొల్లపూడిలో సగం దూరం కూడా రాదు.


వైండింగ్_మేస్త్రి

సరదాలు బానే ఉన్నాయి, ఆ కుర్రోడి బండి సంగతి చూడండి ముందు. 110 నుంచి 85కి పడిపోవడం ఏడాదిన్నర బ్యాటరీకి నాకు ఎక్కువ అనిపిస్తంది. లిథియం బ్యాటరీ కొంచెం తగ్గుద్ది, ఇంత తగ్గదు. ఇంకెక్కడో తింటంది.

తమ్ముడూ నువ్వు ఇలా చెయ్యి. బండి ఒక గంట తోలాక ఆపి, మూడు చక్రాల దగ్గరా డ్రమ్ము దగ్గరగా చెయ్యి పెట్టు, ముట్టుకోకు, కాలుద్ది. ఏదన్నా ఒకటి మిగతావాటి కన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. తర్వాత జాకీ వేసి చక్రం చేత్తో తిప్పు, రెండు మూడు రౌండ్లు ఊరికే తిరగాలి. టైర్లలో గాలి ఎన్ని రోజులకి కొట్టిస్తాడో అడుగు. మావయ్యలాంటోళ్ళు బస్టాండ్ దగ్గర చెయ్యితో నొక్కి చూసి బానే ఉందిలే అంటారు, చెయ్యి చెప్పుద్దా పౌండ్లు?

ఇంకోటి, ఆయన ఇంతకు ముందు ఏం తోలేవాడు? డీజిల్ ఆటోనా?


సింగ్‌నగర్_కుర్రోడు

అవును అన్నా, 15 ఏళ్ళు డీజిల్ ఆటో. ఎందుకు అడిగారో గానీ మీరు అడిగాక నిన్న సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఒక ట్రిప్పు వెళ్ళా. దుర్గ గుడి ఫ్లైఓవర్ దిగేటప్పుడు చూస్తే మావయ్య నాబ్ తిప్పి న్యూట్రల్‌లో పెట్టేసి దిగుతున్నాడు, కింద సిగ్నల్ దగ్గరికొచ్చి కాలితో గట్టిగా బ్రేకు. అదేంటి అంటే "పల్లంలో కరెంటు దండగ ఎందుకు" అన్నాడు. సిగ్నల్ రెండొందల గజాల దూరంలో ఎర్రగా కనపడుతున్నా అంతే, న్యూట్రలు, బ్రేకు. ఆ ఆకుపచ్చ గీత ఒక్కసారి కూడా వెలగలేదు.


లక్ష్మీపురం_ఈవీ

దొరికింది! అందుకే 12 కిలోమీటర్లలో ఒక్కటి కూడా రావట్లేదు. న్యూట్రల్‌లో పెడితే మోటారు బ్యాటరీకి ఏమీ ఇవ్వదు, ఆ పని మొత్తం బ్రేకు లైనర్లు చేసి వేడి కింద పోగొడుతున్నాయి. ఎలక్ట్రిక్ బండిలో న్యూట్రల్ అన్నమాటే మర్చిపొమ్మనండి.


వైండింగ్_మేస్త్రి

అలా ఒక్క ముక్కలో కొట్టేయకండి సార్. ముందు రోడ్డు ఖాళీగా ఉండి ఆపే పని లేనప్పుడు ఊరికే జారనివ్వడమే లాభం. రీజెన్‌తో పట్టి మళ్ళీ యాక్సిలరేటర్ ఇస్తే బ్యాటరీలోకి పోయి వచ్చేటప్పుడు రెండుసార్లు కమీషన్ కట్టాలి. మీరే అన్నారు గదా హైవేలో సున్నాలో పెడతానని.


లెక్కల_మాస్టారు

ఇద్దరిదీ నిజమే, ఆ పల్లం చివర ఏముందన్నదాన్ని బట్టి. చివర రోడ్డు సాగిపోతుంటే జారనివ్వాలి. చివర సిగ్నల్ ఉంటే మోటారు చేత పట్టించాలి. ఫ్లైఓవర్ ఎత్తు పది మీటర్లు అనుకున్నా ఆ 700 కిలోల బండి పైనుంచి తెచ్చేది 19 వాట్ అవర్లు, 300 మీటర్ల ప్రయాణానికి సరిపడా. ఒక్కసారికి ఎంతో కాదు గానీ రోజుకి పాతిక సార్లు దిగితే చూసుకోండి. జారనివ్వాలన్నా న్యూట్రల్ అక్కర్లేదు, మోటారు బండిని పట్టకుండా లాగకుండా ఉండే చోట యాక్సిలరేటర్‌ని కాస్త ఆనించి ఉంచితే చాలు, పల్లంలో న్యూట్రల్ ప్రమాదం కూడా.

అసలు మీ మావయ్యగారి పాత అలవాటు ఇప్పటి పెట్రోలు బండ్లకి కూడా పనికిరాదు. కార్బ్యురేటర్ రోజుల్లో ఏమోగానీ, ఇంజెక్షన్ బండ్లలో గేర్లో ఉంచి కాలు తీసేస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్ని తిప్పుతాయి. న్యూట్రల్ కొడితే ఇంజిను ఆగకుండా ఉండటానికి అది మళ్ళీ తాగడం మొదలుపెడుతుంది. మా అబ్బాయికి ఇది చెప్తే రెండేళ్ళు నమ్మలేదు.


యార్డు_లారీ

తిరుమల అనగానే గుర్తొచ్చింది, అక్కడ 2022 నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు తిరుగుతున్నాయి గదా, ఆ లెక్క కూడా వేసి పెట్టండి మాస్టారూ. పాత ఘాట్లో లోడు బండి దింపడం అంటే ఏంటో నాకు తెలుసు, ఎగ్జాస్ట్ బ్రేకు నొక్కి నొక్కి ప్రాణం పోద్ది.


లెక్కల_మాస్టారు

12 టన్నుల బస్సు, 700 మీటర్ల దిగుడు అనుకుంటే పైన దానిలో ఉన్నది 23 యూనిట్లు. 19 కిలోమీటర్ల దారిలో టైర్లకి ఓ ఐదు పోతుంది. మిగిలినదాంట్లో మోటారు, బ్యాటరీ కమీషన్లు పోను 12 యూనిట్ల దాకా వెనక్కి రావాలి ఒక్క దిగుడుకి. మనవైపు రోడ్లన్నీ పళ్ళెంలా చదును కాబట్టి ఇది మనకి అనుభవంలోకి రాదు. రీజెన్‌కి మన రాష్ట్రంలో అంతకన్నా మంచి రోడ్డు ఇంకోటి ఉండదేమో. పైన ఫుల్ చార్జ్ చేసి దించితే మాత్రం అంతా వృథా, చార్జింగ్ కిందే పెట్టుకోవాలి.


సింగ్‌నగర్_కుర్రోడు

అందరికీ అప్‌డేట్. మేస్త్రి అన్న చెప్పినట్టే ఆదివారం కిట్ ఫిట్టింగ్‌కి వెళ్ళకుండా ఇంటి దగ్గరే జాకీ వేశాం. వెనక ఎడమ చక్రం అర రౌండు కూడా తిరగలేదు, డ్రమ్ము విప్పితే లైనరు ఒక పక్కే అరిగి ఉంది, స్ప్రింగు ఊడి వేలాడుతంది. రెండు వెనక టైర్లలో గాలి స్టిక్కర్ మీద రాసినదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. స్ప్రింగు, లైనర్లు, పని మొత్తం కలిపి 900 అయింది. నాలుగు రోజుల నుంచి 97, 98 వస్తంది. న్యూట్రల్ అలవాటు ఇంకా పోలేదు, అప్పుడప్పుడు చెయ్యి నాబ్ మీదకి పోద్ది, పక్కన ప్యాసింజర్ ఉన్నా సరే తన చేతిని తనే కొట్టుకుంటున్నాడు. ఆకుపచ్చ గీత వెలిగితే మాత్రం "వచ్చింది చూడు" అని నాకు చూపిస్తాడు, ఏదో వసూలు చేసినట్టు.

అడ్వాన్స్ మాత్రం ఆ కిట్ ఆయన వెనక్కి ఇవ్వనన్నాడు. కావాలంటే ఆ డబ్బులకి రెండు గాలి హారన్లు, ఒక ఎల్ఈడీ లైట్ల పట్టీ తీసుకెళ్ళమంటున్నాడు. అత్తయ్య హారన్లు ఇంటికి తెస్తే ఊరుకోనంటంది. లైట్ల పట్టీకి కరెంటు ఎంత పడుద్ది మాస్టారూ?